పిన్ను దాని చోటే ఉంది

జూన్ 14, శనివారం

ముందుగా ఒహాయో రాష్ట్ర ప్రజానీకానికీ, ఆ తర్వాత పరలోకంలో ఉన్న పొపెల్మన్ వంశ పెద్దలకూ, ఆపైన మా పాకలో ఉన్న పదకొండు వందల పందులకూ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ కింద రాయబోయేదాంట్లో జ్ఞానం ఉండదు, నీతి ఉండదు, మొక్కజొన్న ధర పెరిగే సూచన అసలే ఉండదు. నాలుగేళ్ళు కాలేజీలో చరిత్ర చదివి, రోమన్ సామ్రాజ్యం ఎందుకు కూలిందో పద్దెనిమిది కారణాలు చెప్పగలిగినవాడు ఇంటికొచ్చి పందుల పాక కడుగుతూ డైరీ రాసుకోవడం పంతొమ్మిదో కారణం. అందుకూ క్షమించాలి. ఈ ఏడు వానలు ఆలస్యమైనందుకు, పోయిన ఆదివారం ఫాదర్ గారి మైకు మధ్యలో పోయినందుకు, మార్లా అక్క వేలి మీద రెంచి జారి పడినందుకు కూడా నాదే పూచీ. ఇవేవీ నేను చెయ్యలేదు కాబట్టి ధారాళంగా ఒప్పుకుంటున్నాను.

విషయానికొస్తే, నాన్న క్లాసు మార్చాడు.

భవిష్యత్తు చరిత్రకారుల సౌకర్యార్థం: ట్రాక్టర్ లాగుడు పోటీ అంటే, దున్నడానికి పుట్టిన యంత్రం చేత దున్నడం మాన్పించి, మూడు వందల అడుగుల మట్టి బాట మీద ఒక బరువుబండిని లాగించడం. ఆ బండి మీద ఇనుప పెట్టె ఉంటుంది. బండి కదిలేకొద్దీ పెట్టె ముందుకు జరిగి ట్రాక్టర్ నడ్డి మీద కూర్చుంటుంది. మొదట్లో తేలిక, చివరికి కొండ. మూడు వందలూ లాగితే పూర్తి లాగు. మధ్యలో చతికిలబడితే ఎన్ని అడుగులో కొలిచి, మైకులో చదివి, మర్యాదగా ఇంటికి పంపుతారు.

మాది ఇన్నాళ్ళూ సూపర్ ఫార్మ్ క్లాసు. ఒకే టర్బో, దాని మూతి మూడంగుళాలు దాటకూడదు. తనిఖీవాళ్ళు ఆ మూతిలో ఇనుప బిళ్ళ పెట్టి చూస్తారు. బిళ్ళ లోపలికి జారితే నువ్వు దొంగవి. పేదవాళ్ళ క్లాసు అని కాదు, బతికి బట్టకట్టేవాళ్ళ క్లాసు. ఈ ఏడు నాన్న ప్రో స్టాక్‌కి ఎక్కాడు. అక్కడ టర్బో మూతిలో మా పిల్లి పడుకోవచ్చు. మూడు వేల గుర్రాల బలం. పాత ఇంజన్ దిమ్మ అంత ఒత్తిడికి ఆగదని, నిండు ఇనుప దిమ్మలోంచి తొలిచిన కొత్తది కొన్నాడు. దానికోసం రోడ్డవతలి పదెకరాలు పోయాయి. అమ్మ ఆ పొలం వైపు కిటికీకి తెర వేసేసింది.

ట్రాక్టర్ పేరు మొండి ఆగ్నెస్, మా నాన్నమ్మ పేరు. ఎర్రది. ట్రాక్టర్ రంగంటే కంపెనీ; మా ఊళ్ళో ఎర్ర ట్రాక్టర్ వాళ్ళు ఆకుపచ్చ ట్రాక్టర్ వాళ్ళ పిల్లను చేసుకుంటే పెళ్ళిలో రెండు వైపులా ముభావంగానే ఉంటారు. ఇంజన్ కట్టింది మార్లా. నడిపేది నాన్న. తుడిచేది నేను. మార్లాకి ముప్ఫై ఒకటి, చెయ్యి స్థిరం, చూపు చురుకు. నాన్నకి అరవై నాలుగు. ఎవరు నడపాలి అన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇంటికప్పు ఉండాలా వద్దా అని ఎవరైనా అడుగుతారా?

జూన్ 15

నిన్న రాసింది చదివితే భయపడ్డవాడు రాసినట్టుంది. కాదు. భయమేమీ లేదు.

జూన్ 21

కొత్త క్లాసులో మొదటి పోటీ. రెండు వందల డెబ్భై ఎనిమిది అడుగులు, ఐదో స్థానం. దిగేటప్పుడు నాన్న నవ్వుతున్నాడు. పళ్ళు తప్ప మొహమంతా నలుపు.

ఆ చప్పుడు గురించి రాద్దామని కూర్చున్నాను. చెవులతో వినేది కాదది. పక్కటెముకలు వింటాయి.

నా ఉద్యోగ ధర్మాలు: నాన్న వెనక్కి వస్తుంటే బరువుబండి ముందు నిలబడి, విమానాలు దింపేవాడిలా చేతులూపడం. బండివాళ్ళు గొలుసు తగిలించాక, ఉక్కుతాడు పిన్నుకి కట్టారో లేదో చూసి, బొటనవేలు చూపించి, పక్కకు పరిగెత్తడం. లాగు అయ్యాక మళ్ళీ పరిగెత్తుకుంటూ రావడం. నాలుగేళ్ళ చదువు ఇలా సద్వినియోగమవుతోంది.

ఆ పిన్ను గురించి రాసుకోవాలి, ఎందుకంటే ఈ వ్యవహారం మొత్తంలో నాకు నమ్మకం ఉన్నది దాని మీదే. ఈ ఇంజన్లకి డీజిల్ ఆపినంత మాత్రాన ఆగుతాయన్న గ్యారంటీ లేదు. పిచ్చెక్కితే తమ ఒంట్లోని నూనె తామే తాగి ఇంకా గట్టిగా పరిగెత్తుతాయి. ఆపాలంటే ఊపిరాడకుండా చెయ్యాలి. గాలి లోపలికి పోయే గొట్టంలో స్ప్రింగు మీద ఒక రేకు మూత ఉంటుంది. వెనక పిన్ను ఊడిందంటే మూత టప్పున పడుతుంది, ఇంజన్ చస్తుంది. పిన్నుకి కట్టిన ఉక్కుతాడు రెండో కొస బరువుబండికి ఉంటుంది. గొలుసు తెగి ట్రాక్టర్ ఒంటరిగా పారిపోతే, తాడు పిన్నుని లాగేస్తుంది. అదే మూతకి డ్రైవరు కుడిచేతి దగ్గర ఒక ఎర్ర మీట కూడా ఉంది. పిన్ను ఊడినా, మీట లాగినా పడే మూత ఒకటే. లాగు ముగియగానే, ఇంజన్ అప్పటికే ఆగి ఉన్నా సరే, మీట లాగడం డ్రైవర్లకు అలవాటు. కారు దిగి తలుపేసినంత అలవాటు. వేశామో లేదో తర్వాత గుర్తుండదు.

దిగాక అర్బన్ బాబాయ్ నీళ్ళ సీసా అందించాడు. ఆయన మా జిల్లా తనిఖీ అధికారి, బళ్ళో నాన్న పక్క బెంచీ. నాన్న సీసాని ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి జేబులో ఉంది. తొడుగుతో సహా.

జూన్ 29

పందులు కడిగాను. పందులు బాగున్నాయి.

జూలై 5

పక్క జిల్లాలో పోటీ. మా తర్వాత రెండో మనిషి డ్వేన్ రీత్మన్ గారు. ఆకుపచ్చ ట్రాక్టర్ అయినా మంచివాడు. పొద్దున నన్ను చూసి, "ఏరా క్లెమ్, చరిత్ర చదివావట, నేను పోయినేడు ఎన్ని అడుగులు లాగానో చెప్పు చూద్దాం," అన్నాడు. "ప్రాచీన చరిత్ర ఇంకా అంతవరకు రాలేదండీ," అన్నాను. నవ్వాడు.

రెండు వందల అడుగుల దగ్గర ఆయన ట్రాక్టర్‌కి గొలుసు తగిలించే కొక్కెం విరిగింది. మెడపట్టీ పట్టుకుని ఆపిన కుక్కని ఒక్కసారి వదిలేసినట్టు ట్రాక్టర్ ముందుకు దూకింది. తాడు బిగుసుకోవడం చూశాను. తాడు తెగడం చూశాను. మూత పడాలి. పడలేదు. గోడ దాకా పోయింది. గోడ ట్రాక్టర్ని ఆపింది గాని ఇంజన్ని ఆపలేదు. గోడకి ఆనుకుని, ముందు భాగం పైకి లేచి, వెనక చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. మనిషి సీట్లో లేడు. అర్బన్ బాబాయ్ ఎవరి కోటో లాక్కుని పరిగెత్తి, గాలి గొట్టానికి కుక్కాడు. అప్పుడాగింది. ఆ తర్వాత కూడా నా పక్కటెముకలు చాలాసేపు వింటూనే ఉన్నాయి.

ఇవాళ జోకు లేదు.

జూలై 6

బతికాడు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు.

పొద్దున చర్చి అయ్యాక అర్బన్ బాబాయ్ లాగుడువాళ్ళందర్నీ పార్కింగులో నిలబెట్టాడు. కటింగ్ ప్లేరు కొసన ఒక ఇనుప తీగ ముక్క పట్టుకుని చూపించాడు. "ఇది డ్వేన్ పిన్నుకి కట్టి ఉంది. పిన్ను అదురుకి జారకుండా ప్లాస్టిక్ పట్టీ ఒక్కటే ఉండాలని రూలు. లాగితే తెగాలి కాబట్టి పట్టీ. ఇది తెగదు. తాడే తెగింది. ఇంకెవరి దగ్గరైనా ఉందా ఇది?"

ఎవరూ పక్కవాడి మొహం చూడలేదు. ఇరవై మంది మొగాళ్ళు ఒకేసారి ఆకాశం చూశారు. నాన్న కూడా, వానేమన్నా వస్తుందా అన్నట్టు.

జూలై 7

వర్క్‌షాపులో ఆగ్నెస్ వెనక్కి వెళ్ళి చూశాను. ప్లాస్టిక్ పట్టీ ఉంది. పట్టీ కింద నల్ల టేపు. టేపు కింద తీగ.

జూలై 8

మధ్యాహ్నం నాన్న సోయా చేలో కలుపు చూస్తుంటే వెళ్ళి అడిగాను. సంభాషణ యథాతథంగా రాస్తున్నాను, ఎందుకంటే దీనికి నేను ఏ నగిషీ చెక్కలేను.

"నాన్నా, మన పిన్నుకి తీగ ఉంది."

"ఉంది."

"రీత్మన్ గారిక్కూడా ఉండింది."

"వాడిది కంచె తీగరా. దాంతో దున్నపోతుని కట్టెయ్యొచ్చు. మనది సన్నది."

"సన్నదైతే తెగుతుందా?"

"తెగేదైతే కట్టడమెందుకు?"

 తర్వాత ఆయనే చెప్పాడు. మూడేళ్ళ కింద మా జిల్లా తిరనాళ్ళ ఫైనల్లో, రెండు వందల తొంభై దగ్గర ముందు చక్రాలు లేచి పడ్డాయి. ఆ కుదుపుకి పట్టీ పుటుక్కుమంది, పిన్ను ఊడింది, మూత పడింది. పది అడుగుల్లో పోయింది. "కొక్కెం విరగలేదు, గొలుసు తెగలేదు, ఇంజన్ బంగారంలా ఉంది. ఒక ప్లాస్టిక్ ముక్క నన్ను ఓడించింది. తనిఖీ అయ్యాక కడతాను, పోటీ అయ్యాక విప్పుతాను, మొన్న ఆ గొడవలో విప్పలేదు. అందరూ అంతే. నువ్వెళ్ళి అర్బన్‌తో చెప్తావా?"

"లేదు నాన్నా."

"మరి మొహం అలా పెట్టావేం?"

"నా మొహమే అంత."

నవ్వి నా భుజం తట్టాడు, కుడిచేత్తో. తట్టడం అయ్యాక కూడా ఆ చెయ్యి కదులుతోంది. కలుపుమొక్క పీకడానికన్నట్టు వెంటనే వంగాడు. అక్కడ కలుపు లేదు.

జూలై 9

భయం లేదు. ఆందోళన వేరు, భయం వేరు. మా ప్రొఫెసర్ గారు దీని మీద గంట చెప్పగలరు.

జూలై 12

రూల్ పుస్తకం చదువుతున్నాను. చరిత్ర గ్రంథంగా ఇది ఏ యూనివర్సిటీ ప్రచురణకీ తీసిపోదు. టర్బో పొగగొట్టంలో అడ్డంగా రెండు బోల్టులు దిగెయ్యాలి. ఎందుకు? ఒకప్పుడు ఎక్కడో టర్బో చక్రం ముక్కలై, గొట్టంలోంచి ఎగిరి జనంలో పడింది కాబట్టి. క్లచ్చి చుట్టూ ఉక్కు కవచం ఉండాలి. ఎందుకు? ఒకడి మోకాళ్ళ మధ్య అది పేలింది కాబట్టి. చూపు పడేకొద్దీ ఒక్కో రూలు పక్కన ఒక్కో మనిషి నిలబడి ఉన్నాడు. కొందరు కూర్చుని ఉన్నారు. పేజీలు తిప్పుతుంటే వాళ్ళంతా నాన్నకి జరిగి చోటిస్తున్నట్టు అనిపించింది. పుస్తకం మూసి పందుల దగ్గరికి పోయాను.

జూలై 19

చర్చి హాల్లో మీటింగు. వచ్చే ఏడాదికి కొత్త రూలు పెట్టాలంటున్నారు. బరువుబండి నడిపేవాడి చేతిలో రేడియో మీట ఒకటి ఉంటుంది. ఏదైనా తేడా వస్తే వాడు అక్కడ నొక్కితే ఇక్కడ మూత పడుతుంది. తాడూ వద్దు, పట్టీ వద్దు, తీగ కట్టడానికి ఏమీ మిగలదు.

నాన్న లేచాడు. "అంటే నా ముక్కు ఇంకొకడి చేతికిచ్చి నేను పరిగెత్తాలి."

హాలంతా నవ్వింది. అర్బన్ బాబాయ్ నవ్వలేదు. "డ్వేన్ ముక్కు ఎవరి చేతిలో ఉందిరా వర్జిల్?" అన్నాడు. నవ్వు ఆగింది. రూలు ఓటుకి పెట్టారు. వచ్చే ఏడు నుంచి అమలు. ఈ ఏడు ఎవడి ముక్కు వాడిదే.

బయటికొచ్చాక మార్లాని పట్టుకున్నాను. ట్రక్కు వెనక తలుపు మీద కూర్చుని గోళ్ళలో గ్రీజు తీసుకుంటోంది.

"అక్కా, నాన్న చెయ్యి చూశావా?"

"చూశాను."

"ఎప్పట్నించీ?"

"ఈస్టర్ నుంచీ. నువ్వు కాలేజీలో రోమన్ల దగ్గరున్నప్పుడు."

"ఆయనకి చెప్పొచ్చుగా."

"ఏమని? నీ చెయ్యి వణుకుతోంది, సీటు నాకిచ్చి దిగు అనా? నాకా సీటు కావాలిరా. కావాలి కాబట్టే నేను అనకూడదు. అంటే రేపు నేను పూర్తి లాగు లాగినా ఆయన మొహంలోకి చూళ్ళేను. నువ్వు చెప్పు. నీకేమీ అక్కర్లేదు కదా."

"నేను చెప్తే వింటాడా?"

"వినడు. కనీసం నీ మీద అనుమానం రాదు."

"పిన్నుకి తీగ కడుతున్నాడు. తెలుసా?"

మార్లా గోళ్ళు గీసుకోవడం ఆపింది. తెలుసని అప్పుడు అర్థమైంది. "జిల్లా తిరనాళ్ళు ఒక్కటీ అవనీ," అంది. "అది ఒక్కటీ గెలిస్తే ఆయనే దిగుతాడు. నాకు తెలుసు."

తనకి తెలియదు. తెలిసినట్టు చెప్పింది. నేను నమ్మినట్టు తలూపాను. మా వంశంలో ఈ విద్య అందరికీ వచ్చు.

జూలై 20

ఇవాళ నాన్నతో చెప్పాలి.

జూలై 21

ఇవాళ.

జూలై 24

పాక కడిగాను. ఇవాళ కాదు, ఆదివారం.

జూలై 27

ఆదివారం. భోజనాల దగ్గర, "నాన్నా, నీ చెయ్యి..." అన్నాను. "ఏం, ఉప్పు కావాలా?" అని ఎడమచేత్తో ఉప్పు సీసా జరిపాడు. అమ్మ నా వైపు చూసింది. మార్లా పళ్ళెం వైపు చూసింది. నేను ఉప్పు వేసుకున్నాను. బంగాళదుంపలు ఉప్పుకి నోట పెట్టేలా లేవు. అయినా అన్నీ తిన్నాను.

ఆగస్టు 3

కల రాసుకోవడం పిరికివాళ్ళ పని కాబట్టి రాయను. గోడ ఉంది, కోటు లేదు. అంతే.

ఆగస్టు 7

అమ్మ తిరనాళ్ళకి పిండిలో చెర్రీ పళ్ళు కూరి కాల్చే పైలు చేస్తోంది. చర్చి దుకాణంలో ఆమెది పైల బల్ల. ఇన్నేళ్ళలో ఒక్క లాగు కూడా కళ్ళతో చూడలేదు. ట్రాక్ వైపు వీపు పెట్టి, పై కోస్తూ వింటుంది. పిండి చుడుతూ అడిగింది.

"కొత్త ఇంజన్ ఎలా ఉందిరా?"

"గట్టిగా ఉందమ్మా."

"నాకు దాని మాట ఇంకా అర్థం కావట్లేదు. పాతది ఎక్కడ గుటకేస్తుందో, ఎక్కడ ఊపిరి తీస్తుందో తెలిసేది. ఇది ఊపిరే తియ్యదు." చేతులు దులుపుకుంది. "నువ్వు వెనకే ఉంటావుగా?"

"వెనకే ఉంటాను."

"చూసుకో."

ఏం చూసుకోవాలో చెప్పలేదు. ఆమెకి పిన్ను సంగతి తెలియదు. చెయ్యి సంగతి తెలుసు. కాఫీ కప్పు నాన్నకి నిండుగా పొయ్యడం ఎప్పుడో మానేసింది.

ఆగస్టు 9, శనివారం

జిల్లా తిరనాళ్ళు. వరసగా రాస్తాను.

పొద్దున తూకం. దాటకూడని పదివేల పౌండ్లకి ఐదు తక్కువ. తనిఖీలో అర్బన్ బాబాయ్ స్వయంగా మా పిన్ను లాగి చూశాడు. మూత టప్పుమని పడింది. తీగ లేదు, అప్పటికి. "శుభ్రంగా ఉందిరా వర్జిల్," అన్నాడు. "ఎప్పుడు లేదు?" అన్నాడు నాన్న. తనిఖీ అయ్యాక నాన్న ఒక్కడే ఆగ్నెస్ వెనక్కి వెళ్ళి పావుగంట మోకాళ్ళ మీద ఉన్నాడు. ఈ పని రెండు నిమిషాలది. చేతి వల్ల పావుగంట పట్టింది. నేను ట్రైలర్ అవతల నిలబడి విన్నాను. తీగ జారి పడిన చప్పుడు, నాన్న తిట్టుకున్న చప్పుడు, మళ్ళీ జారిన చప్పుడు.

డ్రైవర్లని మీటింగుకి పిలిచారు. నాన్న వెళ్ళాడు. మార్లా టైరు గాలి చూసుకుంటోంది.

అప్పుడు నేను ఆ తీగ కోసేశాను.

అది తప్పని ఎవరూ అనలేరు. రూలు ప్రకారం ఉండకూడనిది తీసేశాను. ప్లాస్టిక్ పట్టీ అలాగే ఉంచాను, కొత్తది, గట్టిది. టేపు మళ్ళీ చుట్టాను. తీగ ముక్కలు చెత్తడబ్బాలో, పైన అరటితొక్క. చెయ్యి వణికింది. మా వంశంలో ఇది కూడా ఉందేమో.

తొమ్మిదో నంబరు మాది. అప్పటికి ముందున్నవాడిది రెండు వందల తొంభై ఒకటి. ఒక్కడూ పూర్తి లాగు లాగలేదు. నాన్న హెల్మెట్ పెట్టుకునే ముందు నన్ను పిలిచి, "మూతి అలా పెట్టకురా, ఫొటోలు తీస్తారు," అన్నాడు. గొలుసు తగిలించారు. తాడు కట్టారు. నేను బొటనవేలు చూపించాను. పచ్చ జెండా.

ఆగ్నెస్ అంత బాగా లాగడం నేనెప్పుడూ చూడలేదు. వంద. నూటయాభై. మైకులో మనిషి అడుగులు చదవడం మానేసి అరుస్తున్నాడు. రెండు వందల నలభై దగ్గర ముందు చక్రాలు నడుం ఎత్తు లేచాయి, పడ్డాయి, మళ్ళీ లేచాయి. నల్లటి పొగ నిలువుగా, స్తంభంలా. గోడ కనిపిస్తోంది. నేను బాట పక్కనే పరిగెత్తుతున్నాను, పరిగెత్తకూడదు అయినా.

రెండు వందల అరవై ఎనిమిది దగ్గర చప్పుడు ఆగిపోయింది.

పేలలేదు. విరగలేదు. ఊపిరి పట్టుకున్నట్టు ఆగింది. పొగా దుమ్మూ కలిసి అంతా కమ్మేశాయి. అందరికంటే ముందు నేనే చేరాను. జెండా మనిషి నాన్న వైపు పరిగెత్తాడు, నేను వెనక్కి వెళ్ళాను. నాన్న దిగాడు. ఎర్ర మీట బయటికి లాగి ఉంది. కాళ్ళు రెండూ ఉన్నాయి. నేను కాళ్ళే చూశాను.

"పిన్నా?" అన్నాడు, హెల్మెట్ తియ్యకుండానే.

పిన్ను దాని చోటే ఉంది. బండి మనిషి చూశాడు, నాన్న కూడా వంగి చూశాడు. తాడు విప్పారు.

అర్బన్ బాబాయ్ రెండో తనిఖీకి ఇటే వస్తున్నాడు. నాన్న నా చెవి దగ్గర, "ఆ తీగ తీసెయ్, తొందరగా," అన్నాడు.

"తీసేశాను నాన్నా."

"మంచివాడివి," అన్నాడు.

నాలుగో స్థానం. అమ్మ పైల బల్ల దగ్గరికి వెళితే వీపు ఇటే ఉంది. కత్తి పై మీద ఆగి ఉంది. "దిగాడా?" అంది. "దిగాడు," అన్నాను. పై కోసింది.

ఆగస్టు 10

ఇంజన్‌కి ఈ కాలపు రికార్డరు ఒకటి ఉంది. ఎంత వేగం, ఎంత గాలి, ఎంత వేడి అన్నీ గీతలు గీసి చూపిస్తుంది. మార్లా లాప్‌టాప్‌లో పెట్టి చూసింది. గాలి గీత నిలువునా పడిపోయింది. "మూత పడింది," అంది. "ఇంజన్‌కి ఏమీ కాలేదు. మూతే పడింది." ఎవరు పడేశారో గీత చెప్పదు. యంత్రాలు ఇంకా అంత తెలివిమీరలేదు.

తర్వాత రోజంతా ఇంజన్ విప్పింది. బేరింగులు, పిస్టన్లు, క్లచ్ పలకలు, కొక్కెం, గొలుసు తగిలే కడ్డీ. నేను పక్కన నిలబడి ఒక పగులైనా కనపడాలని కోరుకున్నాను. వెంట్రుకంత పగులు. ఇంకో ముప్ఫై అడుగులు పోయి ఉంటే పేలేదే అనిపించే పగులు.

ఏమీ లేదు. పూర్తి లాగు అయ్యేది.

ఆగస్టు 11

పాక కడిగాను. రెండుసార్లు.

ఆగస్టు 12

రాత్రి భోజనాల దగ్గర నాన్న చెప్పాడు. ఎవరూ అడగలేదు.

"మీట నా చేతికి తగిలింది."

మార్లా చెంచా దించింది. "నాన్నా, అలా అనుకోకు. కుదుపుకి..."

"కుదుపుకి పిన్ను ఊడాలి. ఊడలేదు. కట్టి ఉంది కదా," అని నా వైపు చూశాడు. "మరింక మీటే. నాకు లాగినట్టు గుర్తుంది. ఆగాక లాగానా, ఆగకముందు లాగానా అన్నదే గుర్తు లేదు. ఈ చెయ్యి చెప్పినమాట వినట్లేదు." కుడిచెయ్యి తీసి అందరి ముందూ బల్ల మీద పెట్టాడు. మొదటిసారి. అది కదులుతోంది. మేం నలుగురం దాన్ని చూశాం, ఇంటికొచ్చిన కొత్త మనిషిని చూసినట్టు.

"వచ్చే పోటీకి మార్లా నడుపుతుంది," అన్నాడు.

మార్లా ఏడ్చింది. తనకి కావలసింది వచ్చినప్పుడు ఇలా ఏడుస్తుందని నేను అనుకోలేదు. అమ్మ ఆయన చేతి మీద తన చెయ్యి పెట్టింది. "సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్దాం," అంది. నాన్న సరే అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో డాక్టరు మాటకి ఆయన సరే అనడం ఇదే మొదలు.

నేను ఉప్పు అందించాను.

ఆగస్టు 14

అంతా మంచికే జరిగింది. ఇలా రాసుకుని చూస్తున్నాను. మార్లాకి సీటు వచ్చింది. నాన్న కాళ్ళు నాన్నకే ఉన్నాయి. డాక్టరు చూస్తాడు. తీగ కట్టేవాళ్ళు ఇక మా ఇంట్లో లేరు. చరిత్రకారుడిగా ఇంతకన్నా మంచి ముగింపు నేను ఏ సామ్రాజ్యానికీ చదవలేదు.

ఆగస్టు 16

నాన్న ట్రక్కు తాళాలు నాకిచ్చాడు. "నువ్వు పోనీ," అన్నాడు. దాణా కొట్టు మైలు దూరం కూడా లేదు. దార్లో కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. కొట్లో సంతకం పెట్టమంటే, "మావాడు పెడతాడు," అన్నాడు. తిరిగొచ్చాక గేటు దగ్గర దిగి, గొళ్ళెం వైపు చెయ్యి చాపి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, నేను వచ్చి తీసేదాకా నిలబడ్డాడు. గొళ్ళెం తియ్యడానికి ఏమీ అడ్డం లేదు. తీస్తే ఇంకేం పడిపోతుందో అన్నట్టు నిలబడ్డాడు.

వణుకు ఈస్టర్ నుంచీ ఉంది. భయం మాత్రం పోయిన శనివారం నుంచి. అది ఆయనది కాదు. వేసవంతా నేను మోసింది అదే. ఎక్కడున్నా గుర్తుపడతాను.

ఆగస్టు 17, ఆదివారం

చర్చి నుంచి వచ్చి నాన్న వరండాలో కూర్చున్నాడు. నన్ను పిలిచాడు.

"ఒరే క్లెమ్, ఒక్కటి అడుగుతాను. నువ్వే కదా ముందు చేరింది."

"అవును నాన్నా."

"నేను దిగేలోపలే నువ్వు వెనకున్నావు."

"ఉన్నాను."

"పిన్ను నీ కళ్ళతో చూశావా? దాని చోట ఉందా?" నా మొహం చూడట్లేదు, తన చెయ్యి చూస్తున్నాడు. "రేపు డాక్టరు అడుగుతాడు, ఎప్పుడైనా నీకు తెలియకుండా చెయ్యి పని చేసిందా అని. ఖచ్చితంగా తెలుసుకుని చెప్పాలి కదా."

ఆ శనివారం నేను వెనక్కి చేరేసరికి పట్టీ తెగి ఉంది. కుదుపుకే తెగింది, మూడేళ్ళ కింద తెగినట్టే. పిన్ను ఊడి, బరువుబండి తాడు కొసన వేలాడుతోంది. పొగ ఇంకా విడలేదు. దాన్ని అలా చూస్తే తీగ ఏమైందని నాన్న అడుగుతాడు, నేను కోశానని తెలుస్తుంది అనుకున్నాను. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. ఆయన మీట గురించి గాని, చెయ్యి గురించి గాని ఆ క్షణాన నాకు తట్టలేదు. తెగిన పట్టీ జేబులో వేసుకున్నాను. పిన్నుని పట్టుకుని, దాని చోట పెట్టి, బొటనవేలితో లోపలికి నొక్కాను.

తీగ కోసినందుకు నాకు బాధ లేదు. నేను చేసింది ఇది.

"ఉంది నాన్నా," అన్నాను. "నా కళ్ళతో చూశాను."